ఒక డిగ్రీ సాహెబ్ గారు

బందరులో ఇమామ్ సాహెబ్ గారిని ఉత్తరం ఎటు అని మాత్రం అడక్కూడదు. అడిగితే ఆయన రెండు ఉత్తరాలు చూపిస్తారు. ఒకటి కంపాసు సూది చూపించే ఉత్తరం, రెండోది అసలు ఉత్తరం. ఆ రెండింటికీ తేడా ఎంతో చెప్పి, మీచేత ఒప్పజెప్పించుకుంటే గానీ కొట్టు మెట్టు దిగనివ్వరు.

ఒకసారి గుడివాడ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, పాపం, ఎండలో నడిచొచ్చి, "కోనేరు సెంటరుకి ఇలా ఉత్తరంగా వెళ్తే చాలాండీ?" అని అడిగాడు.

ఇమామ్ సాహెబ్ గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారు. "ఏ ఉత్తరం?"

"ఉన్నది ఒకటేగా అండీ?"

"కూర్చో."

పావుగంట గడిచాక ఆ పెద్దమనిషి చేతులు కట్టుకుని పాఠం ఒప్పజెప్తున్నాడు.

"భూమికి అయస్కాంతం ఒకవైపు, తిరిగే ఇరుసు ఇంకోవైపు. సూది ఎవరి మాట వింటుంది?"

"అయస్కాంతం మాటండీ."

"మన బందరులో ఎటు జరుగుతుంది?"

"పడమటికండీ. ఒక డిగ్రీ, పైన కాస్త."

"ఎప్పుడూ అంతేనా?"

"కాదండీ. ఏళ్లు గడిచేకొద్దీ మారుతుందండీ."

"చూసుకోకుండా అరవై కిలోమీటర్లు పోతే?"

"ఒక కిలోమీటరు తప్పుతామండీ."

"శభాష్. కోనేరు సెంటరు ఆ మలుపు తిరగ్గానే."

అందుకే ఊళ్లో అందరూ ఆయన్ని ఒక డిగ్రీ సాహెబ్ గారంటారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడు ఆయనకి కోపం రాలేదు గానీ, 'పైన కాస్త' వదిలేశారని బాధపడ్డారు.

పాతికేళ్లు సర్వే లాంచీ మీద పనిచేసి రిటైరయ్యాక ఆయన ఎనిమిదడుగుల కొట్టు పెట్టుకున్నారు. బోటు కంపాసులు, గోడ గడియారాలు, బైనాక్యులర్లు బాగుచేస్తారు. గుళ్లోకి చెప్పులు విప్పి వెళ్లినట్టు ఆ కొట్లోకి ఇనుము విప్పి వెళ్లాలి. గుమ్మం పక్కన వెదురు బుట్ట ఉంటుంది. తాళాలు, ఫోను, బెల్టు, జేబులో మేకు ఉంటే మేకు, అన్నీ అందులో వెయ్యాలి. వర్షాకాలంలో గొడుగులు వీధిలోనే ఉండిపోయేవి, మనుషులు తడుచుకుంటూ లోపలికొచ్చేవారు. ఆయన భార్య సబీహా గారు అన్నం క్యారియర్ తెచ్చినా సరే, పిన్నీసులు బుట్టలో వేసి, పైట చేత్తో పట్టుకుని లోపలికి రావాల్సిందే.

కాలులో రాడ్డు వేయించుకున్న డేవిడ్ రాజు వస్తే ఇబ్బందొచ్చింది. రాడ్డు తీసి బుట్టలో వెయ్యడం కుదరదు కదా. సాహెబ్ గారు జేబు కంపాసు తీసి, మోకాలి నుంచి మడమ దాకా మూడుసార్లు జరిపి చూశారు.

"మంచి రాడ్డే వేశారు. సూది పట్టించుకోలేదు. లోపలికి రా."

డేవిడ్ రాజు ఆ మాటని డాక్టరు సర్టిఫికెట్ కంటే ఎక్కువగా ఊరంతా చెప్పుకున్నాడు.

ఇక పెళ్లిళ్లకి ఆయన్ని పిలవాలంటే జనానికి గుండెల్లో దడ. ఒక పెళ్లిలో పురోహితుడు వధూవరుల్ని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి మంత్రం అందుకోబోతుంటే, మూడో వరసలోంచి, "పంతులుగారూ, ఒక్క డిగ్రీ" అని వినిపించింది. పురోహితుడు కూడా మొండివాడే. "ఎటండీ?" అన్నాడు. ఇద్దరూ కలిసి పీటలు జరుపుతూ, కొలుస్తూ కూర్చున్నారు. పెళ్లి మాత్రం ముహూర్తానికే అయింది గానీ, ఆ గొడవలో పెళ్లికూతురి మావయ్యని భోజనానికి పిలవడం మర్చిపోయారు.

ఈయనతో అందరికంటే ఎక్కువగా పాట్లు పడ్డవాడు హనోకు. గిలకలదిండి హార్బరులో బోటు డ్రైవరు. సాహెబ్ గారిని మావయ్యా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. పదిహేడేళ్ల వయసులో కంపాసు చూడ్డం నేర్పమని ఆ కొట్టుకెళ్లాడు, అప్పట్నుంచి ఆ పిలుపు నిలిచిపోయింది. ఆ కొట్లో గోడ గడియారం ఏడు నిమిషాలు ముందుండేది. మొదటిరోజే హనోకు అడిగాడు.

"మావయ్యా, గడియారాలు బాగుచేసే కొట్లో గడియారమే తప్పు చూపిస్తే ఎలా?"

"ఎంత తప్పు?"

"ఏడు నిమిషాలు."

"నీకు తెలిసిందిగా? తెలిశాక అది తప్పెలా అవుతుంది? ఏడు తీసెయ్. బాగుచేస్తే మళ్లీ ఎప్పుడో చెడుతుంది, ఎంత చెడిందో మనకి తెలీదు. ఆ గడియారం పదేళ్ల నుంచి మాట తప్పలేదురా."

ఆయన సిద్ధాంతమంతా ఇంతే. లోకంలో తిన్నగా నిలబడే సూది లేదు. ఎంత ఒరుగుతుందో కనుక్కో, కార్డు మీద రాసుకో, కలపాల్సింది కలుపు, తియ్యాల్సింది తీసెయ్. వంకరగా ఉందని ఏ సూదినీ పారెయ్యకు.

ఆ కార్డుల్ని ఆయన పెళ్లి శుభలేఖల వెనకవైపు కత్తిరించి చేసేవారు. అట్ట మందంగా ఉంటుంది, ఊళ్లో పెళ్లిళ్లకి కొదవ లేదు. బాగుచేసిన ప్రతి కంపాసుకీ ఒక కార్డు కట్టి ఇచ్చేవారు. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ మనుషులక్కూడా కార్డులు రాస్తున్నారని తెలిసింది. బందరు లడ్డూల అట్టపెట్టె ఒకటి బల్ల కింద ఉంటుంది, ఊళ్లో సగంమంది తేడాలు అందులో ఉన్నాయి.

ఆ సంగతి డేవిడ్ రాజు వల్ల బయటపడింది. ఒకరోజు బల్ల మీద తన పేరున్న కార్డు చూసుకున్నాడు. 'డేవిడ్ రాజు. ఐదు నిమిషాల్లో వస్తానంటే నలభై.' కింద ఇంకా ఏదో ఉంది గానీ, అది చదివే ఓపిక లేక రుసరుసలాడుతూ వెళ్లిపోయాడు. సాయంత్రానికి హార్బరంతా పాకింది. జెట్టీ దగ్గర టీకొట్టు నడిపే పెద్దింట్లమ్మ, "నా గురించి ఏం రాశాడో ఆ పెద్దమనిషి! అడిగేస్తాను, కడిగేస్తాను" అని అర కిలోమీటరు వినబడేలా అరిచింది గానీ, అడగడానికి వెళ్లలేదు. ఎవరూ వెళ్లలేదు. ఎవరి తేడా వాళ్లకి తెలుసు. దాన్ని ఇంకొకరి దస్తూరీలో చూసుకోవడం మాత్రం కష్టం.

హనోకు అసలే వెళ్లలేదు. వాడికి వేరే భయం ఉంది.

ప్రతి జనవరిలో సాహెబ్ గారు హార్బరుకొచ్చి, ఎవరూ పిలవకపోయినా, బోటు బోటుకీ ఎక్కి కంపాసులు చూసేవారు. ఏడాది మారింది, తేడా మారి ఉంటుంది అనేవారు. ఈ జనవరిలో హనోకు బోటు దగ్గరికి వచ్చేసరికి ఐసు ఎక్కించేశారు, వలలు ఎక్కించేశారు, ఇంజను మోగుతోంది.

"ఒక్క గంట ఆగరా, చూసేస్తాను."

"జీపీఎస్ ఉంది కదా మావయ్యా! కంపాసు ఎవరు చూస్తున్నారు ఈ రోజుల్లో? వచ్చాక చూద్దువుగాని."

మావయ్య చేతిలో ఇత్తడి కంపాసుతో జెట్టీ మీద నిలబడిపోయారు. హనోకు చెయ్యూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చాడు, వెళ్లాడు, మళ్లీ వచ్చాడు, మావయ్య దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

నెలాఖరులో ఒకరోజు, అరవై కిలోమీటర్ల బయట, తెల్లారుజామున ఇంటికి బయలుదేరబోతుంటే జీపీఎస్ పెట్టె చచ్చిపోయింది. హనోకు కంపాసు చూసుకుని వాయవ్యానికి పట్టాడు. సూది మీంచి కన్ను తియ్యలేదు. పొద్దెక్కినా పొగమంచు విడలేదు. హార్బరుకి దారిచ్చే బందరు మొగలోకి అడుగుపెడుతున్నామని వాడు అనుకున్న నిమిషానికి బోటు ధన్‌మని ఇసుక మేట ఎక్కి కూర్చుంది. మంచు విడేసరికి ఎదురుగా దివిసీమ ఒడ్డు కనిపించింది. మొగకి పదిహేను కిలోమీటర్లు దక్షిణంగా వచ్చారు.

మనుషులకేమీ కాలేదు. అడుగున రెండు పలకలు పగిలాయి. బోటు ఓనరు రామబ్రహ్మం గారిది గుడివాడ. ముదినేపల్లిలో చేపల చెరువులు చూసుకుంటూ, అప్పుడప్పుడూ హార్బరుకొస్తారు. బోటు బాగుచేయించి నీళ్లలోకి దింపే రోజున భార్య ఇందిరాదేవి గారితో కలిసి వచ్చారు. వస్తూ దారిలో ఇమామ్ సాహెబ్ గారిని కూడా కారెక్కించుకున్నారు.

"ఇదిగో హనోకూ, ఏడేళ్లు నమ్మి బోటు నీ చేతికిచ్చాను. కళ్లు మూసుకుని దివిసీమ తీసుకెళ్లావు. సాహెబ్ గారి దగ్గర అందరి చిట్టాలూ ఉన్నాయట. నీది చదవమన్నాను. ఆయన మంచివాడంటే ఉంటావు, లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటాను."

హనోకు బోటుకేసి చూశాడు. ఓనరు తీసేసిన డ్రైవరుని, అందులోనూ బోటు మేటెక్కించినవాణ్ణి, గిలకలదిండిలో ఇంకెవరూ చుక్కాని ముట్టుకోనివ్వరు. ఇంట్లో పెళ్లాం వందనకి ఏం చెప్పాలి? వచ్చాక చూద్దువుగాని అని చెయ్యూపిన సంగతి ఆ కార్డు మీద ఎక్కే ఉంటుంది.

సాహెబ్ గారు లడ్డూల పెట్టె చంకలో పెట్టుకుని బోటెక్కారు. కార్డు తియ్యలేదు. జేబు కంపాసు అరచేతిలో పెట్టుకుని వెనకవైపు నిలబడ్డారు. నడుచుకుంటూ కేబిన్లోకి వచ్చారు. మళ్లీ వెనక్కెళ్లారు. మళ్లీ వచ్చారు. మూడోసారి కేబిన్లో ఆగిపోయి, బోటు కంపాసు పక్కనే, జానెడు దూరంలో ఇనప పట్టీ మీద కూర్చున్న అమ్మవారి చిన్న విగ్రహాన్ని చూశారు. కార్లలో అద్దం ముందు పెట్టుకునే రకం. అడుగున అయస్కాంతం ఉంటుంది.

హనోకు కూడా అప్పుడే చూశాడు. కార్తీక మాసంలో ఇందిరాదేవి గారు దాన్ని తెచ్చి పెడుతుంటే ఇనుముకి టక్కుమని అతుక్కోవడం గుర్తొచ్చింది.

"అమ్మవారు ఉండబట్టి గండం గడిచింది సాహెబ్ గారూ," అంటున్నారు ఇందిరాదేవి గారు. "లేకపోతే నడిసముద్రంలో ఏమైపోయేవాళ్లో! గుడివాడలో ఏరికోరి కొని, నా చేత్తో నేనే పెట్టాను."

హనోకు మావయ్యకేసి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వాడు ఆదివారం చర్చికెళ్లేవాడు. నేరం అమ్మవారి మీదికి తోశాడని పేరొస్తే ఉద్యోగమే కాదు, హార్బరులో తలెత్తుకోవడం కూడా పోతుంది. కానీ ఎదురుగా ఉన్నది ఎవరు? పెళ్లిపీటల మీద కూడా ఒక్క డిగ్రీ వదలని మనిషి. ఇప్పుడు వదుల్తారా?

"అమ్మా," అన్నారు సాహెబ్ గారు. "ఈ అమ్మవారికి చాలా శక్తి ఉంది. కంపాసు వంగి దణ్ణం పెడుతోంది, చూడండి."

జేబు కంపాసు విగ్రహం దగ్గరికి తెచ్చారు. సూది గిర్రున తిరిగింది. ఇందిరాదేవి గారు రెండు చేతులూ జోడించారు. రామబ్రహ్మం గారికి మాత్రం మొహం మారింది.

"అంటే సాహెబ్ గారూ, బోటు దారి తప్పింది ఈ..."

"ఆ మాట అనకండి. అమ్మవారు కూర్చోవాల్సిన చోట కూర్చున్నారు. సూది తన పని తాను చేసింది. తేడా ఎంతో రాయాల్సినవాడు రాయలేదు, అంతే."

"ఎవరండీ వాడు?"

"నేనే."

ఇందిరాదేవి గారు చిన్న గొంతుతో, "తీసెయ్యమంటారా?" అన్నారు.

"తియ్యడం దేనికమ్మా? నా గోడ గడియారం ఏళ్ల తరబడి ఏడు నిమిషాలు ముందుంది, తీసేశానా? సూది ఎంత వంగుతోందో రాస్తే సరిపోతుంది. ఒరే హనోకూ, ఇంజను వెయ్యి."

ఇక మొదలైంది. లైట్‌హౌసు ఎటుందో సాహెబ్ గారికి ముందే తెలుసు. బోటు ముక్కుని ఎనిమిది దిక్కులకీ ఒక్కొక్కటిగా తిప్పించి, ప్రతి దిక్కులోనూ లైట్‌హౌసు ఎటుందని కంపాసు చెప్తోందో చూసి, ఎంత తప్పు చెప్పిందో రాసుకున్నారు. ఒక్కో దిక్కుకీ ఒక్కో తప్పు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. పెద్దింట్లమ్మ జెట్టీ మీంచి, "ఒరే, ఆ బోటుకి కళ్లు తిరిగి పడిపోతుందిరా!" అని కేకలేసింది.

తిప్పుతూ తిప్పుతూ హనోకు గొంతు తగ్గించి అడిగాడు. "రెండడుగులు పక్కకి జరిపితే పోయేది కదా మావయ్యా?"

"ఆవిడ చేత్తో పెట్టిందిరా. జరిపామా, గాలి వీచినప్పుడల్లా ఆవిడకి నిద్రుండదు. సూదికెటూ నిద్రలేదు. దాన్నే సర్దుకోమందాం."

ఒడ్డుకొచ్చాక సాహెబ్ గారు కార్డు చూసుకుంటూ రామబ్రహ్మం గారిని పిలిచారు.

"వాయవ్యంగా వస్తున్నప్పుడు అమ్మవారు పడమటికి పద్నాలుగు డిగ్రీలు లాగారు. భూదేవిది ఎప్పుడూ ఉండేదే, ఒకటి. మొత్తం పదిహేను. అరవై కిలోమీటర్లకి డిగ్రీకొక కిలోమీటరు. మీవాడు ఎంత తప్పాడు?"

"పదిహేను కిలోమీటర్లు."

"అంటే పొగమంచులో అరవై కిలోమీటర్లూ వీడి చెయ్యి చుక్కాని మీద వెంట్రుకంత కూడా కదల్లేదు. ఇంత కచ్చితంగా దారి తప్పినవాణ్ణి నా సర్వీసులో చూడలేదండీ. ఇలాంటి డ్రైవరు మళ్లీ దొరకడు."

రామబ్రహ్మం గారు పక్కున నవ్వేశారు. అయినా పట్టు వదల్లేదు. "అది సరే, కార్డు మీద ఏముంది?"

సాహెబ్ గారు పెట్టె తెరిచి, వెతికి, కార్డు తీసి పైకి చదివారు.

"'హనోకు. చెప్పింది వినడనిపిస్తుంది. వింటాడు, రెండు రోజులు ఆలస్యంగా. కాబట్టి రెండు రోజులు ముందే చెప్పాలి.' జనవరిలో నేను వీడికి గంట ముందు చెప్పాను. తప్పు ఎవరిదో మీరే చూడండి."

బోటు హనోకు చేతిలోనే ఉంది. కేబిన్లో అమ్మవారి కింద కొత్త కార్డు అతికించారు. ఇందిరాదేవి గారు దాని నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో బొట్టు కూడా పెట్టబోతే, "అక్కడొద్దమ్మా, అక్కడ నైరుతి లెక్క ఉంది" అని సాహెబ్ గారు ఆపాల్సొచ్చింది.

మర్నాడు పొద్దున్నే హనోకు కొట్టుకి వెళ్లాడు. ఎవరూ చెప్పకుండానే తాళాలు, ఫోను, బెల్టు బుట్టలో వేసి, ప్యాంటు చేత్తో పట్టుకుని లోపలికెళ్లాడు. రాత్రంతా వాడికి ఒకటే అనుమానం. తనని కాపాడ్డానికి మావయ్య అప్పటికప్పుడు అల్లి చదివారేమోనని.

"నా కార్డు ఒకసారి చూపిస్తావా మావయ్యా?"

ఆయన పెట్టె వాడి ముందుకి తోసి, భూతద్దంలో ఏదో గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. కార్డు మీద అక్షరాలు పాతవే. సిరా వెలిసిపోయింది. తిప్పి చూస్తే వాడి పెళ్లి శుభలేఖే, 'చి.ల.సౌ. వందన' దగ్గర కత్తెర పడింది. చదివిన ముక్కల కింద చదవని ముక్క ఒకటుంది. 'అప్పటికీ వినకపోతే బోటెక్కి కూర్చోవాలి.' దాని పక్కన కొత్త సిరాతో, 'జనవరిలో కూర్చోలేదు.'

హనోకు ఆ మాట రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత మిగతా కార్డులు తీశాడు. 'డేవిడ్ రాజు. ఐదు నిమిషాల్లో వస్తానంటే నలభై. దారిలో కనబడ్డ ప్రతి ముసలమ్మనీ రోడ్డు దాటిస్తాడు. తొందరపెట్టకూడదు.' 'పెద్దింట్లమ్మ. అరుస్తుంది. అరిచేది పొద్దుట్నుంచీ ఏమీ తినకపోతేనే. ముందు ఇడ్లీ పంపి తర్వాత మాట్లాడాలి.' 'సబీహా. ఏం లేదు అంటే చాలా ఉంది. కొట్టు కట్టేసి ఇంటికెళ్లాలి.' ఒక్క కార్డు మీద కూడా ఆ మనిషి ఏం మారాలో రాసి లేదు. తను ఏం చెయ్యాలో రాసుకున్నారు, అంతే.

ఊరంతా చాడీల పెట్టె అనుకుని వణికిపోయింది దీనికా! హనోకుకి నవ్వొచ్చింది. థాంక్స్ అనే మాట ఆ కొట్లో ఎప్పుడూ ఎవరూ వాడినట్టు లేదు, వాడికి నోరు తిరగలేదు. బల్ల మీద ఖాళీ కార్డొకటి ఉంటే తీసుకుని, పెన్ను పట్టుకుని, నాలుక కొరుక్కుంటూ రాసి, భూతద్దం కిందికి జరిపాడు.

'ఇమామ్ సాహెబ్. తేడా ఒక డిగ్రీ. ఎప్పుడూ మనవైపుకే.'

సాహెబ్ గారు చదివారు. కళ్లజోడు తీసి, లుంగీ అంచుతో చాలాసేపు తుడిచారు. మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివి, హనోకు చేతిలోంచి పెన్ను లాక్కున్నారు. 'ఒక డిగ్రీ' పక్కన, గుండ్రటి అక్షరాలతో, 'పైన కాస్త' అని చేర్చి, కార్డుని పెట్టెలో వేసుకున్నారు.